పెద్దబాతు పగా, పెద్దబాతు పొత్తూ

పోయిన కార్తీకంలో కృష్ణపట్నం నించి ఒక సోదరి నాకు ఉత్తరం రాశారు. దాని గురించి అప్పుడే ఈ శీర్షికలో రాయవలసింది. ఇచ్చిన సలహా ఫలించిందో లేదో తెలిశాక రాద్దామని ఆగాను. కోళ్ళ గురించి, బాతుల గురించి నాకు ఉత్తరాలు రావడం కొత్త కాదు. పెట్ట పొదుగు మీద నించి లేవడం లేదు, ఏం చెయ్యమంటారని ఒకరు అడుగుతారు. బాతుగుడ్డు చంటిపిల్లలకి పెట్టవచ్చునా అని మరొకరు అడుగుతారు. ఈ ఉత్తరం ఆ తరహాది కాదు. ఇందులో ఒక పెద్దబాతు వుంది, ఒక అత్తగారున్నారు, ఆరేళ్ళ పిల్లవాడున్నాడు, సంక్రాంతి లోపల తేలవలసిన తగాదా ఒకటి వుంది.

ఆవిడ మాటల్లోనే చెబుతాను.

"అక్కయ్యగారూ, మా దొడ్లో పది కోళ్ళూ, ఆరు నాటు బాతులూ, ఒక మగ పెద్దబాతూ వున్నాయి. వాణ్ణి రాజా అని పిలుస్తాం. మూడు పిల్లల్ని కొంటే రెండు వారం తిరక్కుండానే పోయాయి. మిగిలిన వీణ్ణి వంటింట్లో గంప కింద పెట్టి, రాత్రిళ్ళు నా కొంగులో చుట్టుకుని బతికించాను. ఇప్పుడు వాడికి మూడో ఏడు. నేను ఎక్కడుంటే వాడూ అక్కడే. ఈ చలి మొదలయిందగ్గర్నించి వాడికి ఏం పూనిందో గాని, మావారు నా పక్కకి వస్తే చాలు, పిక్క పట్టుకుంటున్నాడు. అత్తగారు దొడ్డి తలుపు తీస్తే మెడ నేలకి ఆనించి బుస కొడుతూ మీదకి వెడుతున్నాడు. పోయిన ఆదివారం మా బాబుని పడదోసి రెక్కతో కొడితే మోచెయ్యి కమిలిపోయింది. ఒక ఆడబాతుని మెడ పట్టి నీళ్ళతొట్లో ముంచితే, నేను పరుగెత్తి విడిపించాను. సంక్రాంతికి ముందే వాణ్ణి అమ్మేస్తావో, కోయిస్తావో తేల్చుకోమని అత్తగారంటున్నారు. ఆవిడ అనడంలో తప్పు లేదు. నాకు మాత్రం అన్నం సయించడం లేదు."

జవాబు రాసి పంపితే సరిపోయేదేమో. కాని అదే నెలలో మా బంధువుల పెళ్ళికి నెల్లూరు వెళ్ళవలసి వచ్చింది. అక్కడి నించి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం ఎంత దూరం గనక! 2008లో కొత్త రేవు ప్రారంభమయిన తరవాత ఆ దారంతా లారీలే. దారికి అటూ యిటూ రొయ్యల చెరువులు, దూరాన కండలేరు కయ్య. వాళ్ళ యిల్లు కాస్త లోపలికి వుంది. వెనక విశాలమైన దొడ్డి, తాటాకు దడి, ఒక మూల రెండు కొబ్బరిచెట్లు.

నేను గుమ్మంలో నించుని ఆవిడతో రెండు మాటలయినా ఆడానో లేదో, రాజా వచ్చాడు. తెల్లగా, నిండుగా, ముక్కు మొదట నారింజరంగు బొడిపెతో, నిజంగా రాజాగారిలాగే వున్నాడు. నాకూ ఆవిడకూ మధ్య నించుని మెడ చాచి ఒక్క బుస కొట్టాడు. నేను కదల్లేదు. వాడు రెండడుగులు ముందుకి వచ్చి, గిరుక్కున వెనక్కి తిరిగి ఆవిడ దగ్గరికి పరుగెత్తి, మెడ ఆవిడ పక్కగా చాచి పెద్దగా కూశాడు. "చూశావా, తరిమేశాను!" అన్నట్టు. ఆవిడ అలవాటుగా వాడి మెడ నిమిరారు. నాకు తగాదా అంతా అక్కడే అర్థమయింది.

పెద్దబాతుల్ని గురించి బాగా తెలుసుకున్న వాళ్ళలో కోన్రాడ్ లోరెంజ్ అని ఆస్ట్రియా దేశస్థుడొకడున్నాడు. గుడ్డులోంచి బయటపడ్డ పెద్దబాతు పిల్ల, మొదట తన కంటబడి కదిలిన ప్రాణినే తల్లిగా పట్టుకుంటుందని ఆయన 1935లో వివరంగా రాశాడు. అంతకు ముందే, 1911లో, బెర్లిన్‌లో హైన్‌రోత్ అనే ఆయన ఈ సంగతి గమనించాడు. లోరెంజ్ చేతుల్లో పుట్టిన మార్టినా అనే పిల్ల ఆయన్ని క్షణం వదిలేది కాదట. కొన్నాళ్ళకి ఆయన వెనక ఒక మందే నడిచేది. జంతువుల నడవడి మీద చేసిన కృషికి ఆయనకీ, మరి ఇద్దరికీ కలిపి 1973లో నోబెల్ బహుమానం యిచ్చారు. మగబాతు ఎవరినో తరిమి, తిరిగి తన జంట దగ్గరికి వచ్చి మెడ చాచి కూసే ఆ కూతకి విజయోత్సవం అని పేరు. ఆ కూతకి ఆడది కూడా గొంతు కలిపితే వాళ్ళిద్దరూ ఒకటయినట్టే. జంట బిగిసేదీ, ఏళ్ళ తరబడి నిలిచేదీ దాని మీదనే.

అందుచేత నేను ఆవిడతో, "అమ్మాయీ, వాడికి నువ్వు తల్లివి కావడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వాడి లెక్కలో నువ్వు పెళ్ళానివి. మీ ఆయన వాడికి సవతి మగాడు" అన్నాను. లోపల గదిలో ఆయన గట్టిగా నవ్వడం వినబడింది. అత్తగారు నవ్వలేదు.

నవ్వులాటకి అన్నా, విషయం అదే. చేతుల్లో పెరిగిన మగ పెద్దబాతుకి మనుషులంటే భయం వుండదు. భయం లేని చోట మనం దానికి పోటీదారులం అవుతాం. మందలో పెరిగినది మనిషిని చూసి పక్కకి తప్పుకుంటుంది, చేతుల్లో పెరిగినది ఎదురొస్తుంది. ముద్దు చేసిన కొద్దీ మంచిదవుతుందనుకోవడం కుక్కపిల్ల విషయంలో నిజమేమో గాని, దీని విషయంలో కాదు. మొదటి రెండేళ్ళు ఏమీ తెలియదు. ఈడు వచ్చిన తరవాత, గుడ్ల కాలంలో బయటపడుతుంది. బొడిపె వున్న ఈ చీనా జాతివి పగళ్ళు పొట్టిగా వుండే చలికాలంలోనే గుడ్లకి వస్తాయి. అందుకే వాడికి కార్తీకంలో పూనింది.

మరి ఆ ఆడబాతుని ముంచడం? అది పగ కాదు. తన జాతి ఆడది లేక, చిన్నప్పుడు గంప పక్కన తిరిగిన బాతుల వైపు పోతున్నాడు. పెద్దబాతు బరువు వేరు, నాటు బాతు బరువు వేరు. లోతు తొట్లో ఆ బరువు మీద పడితే అది మునిగి చస్తుంది.

"అయితే అమ్మెయ్యమనేగా?" అన్నారు అత్తగారు.

ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆరేళ్ళ పిల్లవాడున్న యింట్లో ఇది చిన్న సంగతి కాదు. పెద్దబాతు ముక్కు అంచులు రంపంలా వుంటాయి. రెక్క మడతలోని ఎముక కర్రంత గట్టిది. వాడి తల సరిగ్గా పిల్లవాడి మొహం ఎత్తుకి వస్తుంది. కన్ను పోతే ఎవరు తెచ్చిస్తారు? అందుకని మొదటి షరతు అదే పెట్టాను. పిల్లవాడు పెద్దవాళ్ళు లేకుండా దొడ్లోకి పోకూడదు. చలికాలం వెళ్ళేదాకా అసలే పోకూడదు. ఈ షరతు పాటించలేని యిల్లయితే నేనూ అత్తగారి పక్షమే.

పెద్దవాళ్ళ సంగతి వేరు. మీదకి వచ్చినప్పుడు మనం చేసే తప్పు ఒక్కటే, పరుగెత్తడం. పరుగెత్తితే వాడు గెలిచినట్టు, రేపు ఇంకా ముందే వస్తాడు. కాలితో తన్నడం, కర్రతో కొట్టడం కూడా పనికిరావు. కొడితే నువ్వు శత్రువువేనని వాడికి రుజువు దొరుకుతుంది. వాడికి ఎదురుగా తిరిగి, చేతులు రెండు పక్కలా చాచి, కదలకుండా నించోవాలి. చాలావరకు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే పట్టుకోవాలి. ఒక చెయ్యి మెడ మొదట్లో, రెండోది రెక్కల చుట్టూ వేసి, చంకలో యిరికించుకుని, తల మన వీపు వైపు వుండేలా ఎత్తుకోవాలి. కాళ్ళు పట్టి ఎత్తకూడదు, పెద్దబాతు కాళ్ళు ఆ బరువుకి తట్టుకోలేవు. బుస ఆగి, ఒళ్ళు వదులు చేసేదాకా అలాగే ఎత్తుకుని యింటి పనులు చూసుకుంటూ తిరిగి, మెల్లిగా దింపి మన దోవన మనం వెళ్ళిపోవాలి. మావారికి యిది చెబితే, "పెళ్ళిలో పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకోమంటావు" అన్నారు. అంతే మరి.

ఇదంతా పైపై వైద్యం. అసలు మందు వాడి జాతి ఆడవాటిని తేవడమే. ఒక మగదానికి రెండు మూడు ఆడవి వుంటే మంచిది. ఒక్కటే తెస్తే, అది నచ్చకపోతే కథ మొదటికి వస్తుంది. తెచ్చిన రోజే తీసుకొచ్చి వాడి ముందు వదలకూడదు. మూడు వారాలు వేరే చోట, వేరే పాత్రలతో, వేరే నీళ్ళతో వుంచాలి. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో పక్షుల జబ్బు వచ్చి ఎన్ని కోళ్ళు పోయాయో ఆ వూళ్ళవాళ్ళకి గుర్తుండే వుంటుంది. ఆ వైరస్ వంశం మొదటిసారి దొరికింది కూడా 1996లో చీనాలో ఒక పెద్దబాతులోనే. చెరువుల మీదకి వలస వచ్చే పక్షుల రెట్టలతోనూ రావచ్చు కనక, మన బాతుల్ని ఆ నీళ్ళకి తోలకపోవడమే మేలు. మూడు వారాలు నిక్షేపంగా వుంటే అప్పుడు దొడ్లోకి తెచ్చి, మధ్య దడి కట్టి, అటొకరూ యిటొకరూ వుండేలా పది రోజులు గడపనివ్వాలి. ఒకరి గొంతు ఒకరికి అలవాటు కావాలి. మేతపళ్ళాలు దడికి అటూ యిటూ దగ్గరగా పెడితే పక్కపక్కన తినడం నేర్చుకుంటాయి.

ఇక్కడ అన్నిటికన్నా కష్టమైన మాట చెప్పవలసి వచ్చింది. "ఈ నెలా నెలన్నరా నువ్వు దొడ్లోకి రాకూడదమ్మాయీ. వాడికి నువ్వు కనబడినంత కాలం వాడు ఆ వైపు చూడడు" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "మేత ఎవరు వేస్తారు?" అని అడిగారు. అందరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ పమిట సర్దుకుని, "దడి ఇవతల నించి అయితే వేస్తాను. లోపలికి మాత్రం రానర్రా" అన్నారు. సంక్రాంతి గడువు అప్పుడే శివరాత్రికి పొడిగించినట్టు నాకు అనిపించింది. పైకి అనలేదు.

కోళ్ళూ, బాతులూ, పెద్దబాతులూ ఒకే దొడ్లో వున్న వారందరికీ పనికొస్తుందని మిగతా ఏర్పాట్లు కూడా చెబుతున్నాను. తగవులు సగం చోటు చాలక వచ్చేవే. దొడ్డిని మూడడుగుల దడితో రెండు భాగాలు చెయ్యండి. బరువైన పెద్దబాతు ఆ ఎత్తు దాటదు. కోడి ఎగిరి దాటేస్తుంది. దడి అడుగున బాతు దూరేంత సందు వదిలితే తరుముకొస్తున్న పెద్దబాతు ఇవతలే ఆగిపోతుంది. మేత ఒక్కచోట పెడితే పెద్దబాతు దాని మీద కాపలా కూర్చుని ఎవరినీ రానివ్వదు. రెండు మూడు పళ్ళాలు దూరదూరంగా పెట్టండి, అన్నిటినీ అది కాయలేదు. రాత్రి గూళ్ళు వేరుగా వుండాలి. కోళ్ళకి ఎక్కి కూర్చునే బొంగు కావాలి, వీటికి నేల మీద పొడి వరిగడ్డి చాలు. కోళ్ళ నీళ్ళు ఇటికల మీద ఎత్తుగా పెట్టకపోతే గంటలో బురద చేసి పెడతాయి. పెద్దబాతులకి మాత్రం ముక్కూ కళ్ళూ ములిగేంత లోతు తొట్టి కావాలి. లేకపోతే కళ్ళు పుసులు కడతాయి. నాటు బాతుల్లో మగవి ఎక్కువయితే అవి కోడిపెట్టల వెంట పడి వాటిని పాడుచేస్తాయి. ఐదారు ఆడవాటికి ఒక మగది చాలు.

మేత విషయంలో ఒక్క మాట. పెద్దబాతు గడ్డి తినే పక్షి. గరిక దొరికితే దానికి విందు. దాని మీద తవుడూ నూకలూ సాయంత్రం కాసిని వేస్తే సరి. బూజు పట్టిన వేరుసెనగ చెక్క మాత్రం ఛాయలకి రానివ్వకండి. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోతే, చివరికి దిగుమతి చేసుకున్న బూజు చెక్కలోని విషమని తేలింది. ఆ విషానికి బాతుపిల్లలు మరీ తొందరగా పోతాయి. కృష్ణపట్నం వంటి సముద్రపు వూళ్ళలో ఇంకొకటి కూడా చూసుకోవాలి. పెద్ద పక్షులు కాస్త ఉప్పునీటికి తట్టుకుంటాయి, పిల్లలు తట్టుకోలేవు. ఆవిడ మొదట్లో కొన్న పిల్లలకి ఏ నీళ్ళు పెట్టారని అడిగితే దొడ్లో బావి చూపించారు. నోట్లో వేసుకుంటే ఉప్పుగా తగిలింది. ఆ రెండు పిల్లలూ అందువల్లనే పోయాయని నా అనుమానం. పిల్లలకి మనం తాగే మంచినీళ్ళే పెట్టాలి.

కాపలాకని పెంచేవాళ్ళు చాలామంది వున్నారు. పెద్దబాతులుంటే పాములు రావని మా వైపు ఒక నమ్మకం. వచ్చినప్పుడు గోల పెడతాయి గాని రాకుండా ఆపుతాయనుకోను. మనిషి విషయంలో మాత్రం వాటి గోల నిజంగా పనికొస్తుంది. రోమునగరం కోట మీదకి శత్రువులు రాత్రివేళ పాకి వస్తూ వుంటే దేవాలయంలోని పెద్దబాతులు కూసి లేపాయని పాత కథ. స్కాట్లండులో బాలంటైన్స్ వారి విస్కీ గిడ్డంగులకి 1959 నించి 2012 దాకా పెద్దబాతులే కాపలా కాశాయి.

మన కవుల హంస కూడా ఈ పెద్దబాతేనని పండితుల్లో పలువురి అభిప్రాయం. ఫోగెల్ అనే డచ్చి పండితుడు ఈ విషయం మీద రాసిన పుస్తకమే ఒకటి 1962లో అచ్చయింది. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చి మన దేశంలో చలికాలం గడిపే చారల తల పెద్దబాతుని చూసినవారికి ఆ మాట అతిశయోక్తిగా కనబడదు. దమయంతికి నలుడి కబురు మోసింది రాజా బంధువేనని చెబితే అత్తగారు, "అది కబుర్లు మోసింది, ఇది పిక్కలు పీకుతోంది" అన్నారు.

నేను మద్రాసు తిరిగొచ్చిన తరవాత రెండు నెలల దాకా కబురు లేదు. మాఘమాసంలో ఉత్తరం వచ్చింది. రెండు ఆడ పెద్దబాతుల్ని తెచ్చారు. దడి అవతల పెట్టిన మొదటి వారం రాజా వాటి వైపు చూడనే లేదట. రోజంతా వంటింటి తలుపు ఎదుట నించుని కూసేవాడట. "తలుపు చాటు నించి నేనూ చూస్తూ నించునేదాన్ని అక్కయ్యగారూ. రెండుసార్లు గడియ మీద చెయ్యి వేశాను. తియ్యలేదు" అని రాశారు. తొమ్మిదో రోజున వంటింటి వైపు రావడం మానేశాడు. దడి తీసిన తరవాత రెండింటిలో గోధుమరంగు దానితో జతకట్టాడు. తెల్లదాన్ని దగ్గరికి రానివ్వలేదు. అది నాటు బాతుల్తో కలిసి తిరుగుతోంది. అన్నీ మనం అనుకున్నట్టు ఎక్కడ జరుగుతాయి! తెల్లది ఒంటరిగా బెంగపెట్టుకుంటే వేరే జోడు చూడాలి. బాతుల్తో కులాసాగా వుంటే అలాగే వదిలెయ్యవచ్చునని రాశాను. తొట్లో ముంచడం మాత్రం పూర్తిగా ఆగిపోయింది.

ఉగాదికి ముందు మూడో ఉత్తరం. గోధుమరంగుది ఏడు గుడ్లు పెట్టి పొదుక్కి కూర్చుందట. కోడి కింద పెడదామా అని మధ్యలో ఫోనులో అడిగితే వద్దన్నాను. కోడి పొదుగు యిరవయ్యొక్క రోజులు, వీటిది యిరవయ్యెనిమిది నించి ముప్ఫయ్యొక్క రోజులు. పైగా కోడి కింద పుట్టిన పిల్లలు కోడినే తల్లి అనుకుంటే మళ్ళీ మనకి యింకో రాజా తయారవుతాడు. తల్లి కూర్చున్నన్నాళ్ళూ రాజా పది అడుగుల దూరంలో నించుని కాపలా కాశాడు. నాలుగు పిల్లలు బయటపడ్డాయి. చూద్దామని ఈ అమ్మాయి ఆశగా దగ్గరికి వెళ్ళింది.

"నన్నే కరిచాడక్కయ్యగారూ, చేతి మీద. వాడు నా కొంగులో పెరిగినవాడు. లోపలికొచ్చి కాసేపు ఏడిచాను. తరవాత మావారు, 'ఇప్పుడు తెలిసిందా నా బాధ?' అంటే నవ్వొచ్చింది. ఇంకో సంగతి. నాలుగో పిల్ల బలహీనంగా వుంది. తల్లితో కలిసి నడవలేక వెనకబడి పోయింది. తెచ్చి గంప కింద పెట్టాను. దీన్ని నేనే పెంచుకోనా?"

ఉత్తరం చదివిన వెంటనే ఫోను చేశాను. పిల్లని ఒక్క పూట వెచ్చగా వుంచి మంచినీళ్ళు పట్టండి, చీకటి పడ్డాక తల్లి రెక్క కిందకి జార్చండి, రోజులు గడిస్తే దానికి నువ్వే తల్లివవుతావు అని చెప్పాలని. ఫోను అత్తగారు ఎత్తారు. నేను మాట పూర్తి చెయ్యకముందే, "అది నిన్న రాత్రే నేను పెట్టి వచ్చానులే అమ్మా. కోడలు పడుకున్నాక వెళ్ళాను. లాంతరు కూడా పట్టుకెళ్ళలేదు" అన్నారు.

"రాజా ఏమీ అనలేదా?"

"ఏమంటాడు? ఈ నాలుగు నెలల్నించీ వాడికి గరిక కోసి వేస్తున్నది ఎవరు?"